తోటకు పోనివాడి కన్ను

గట్టుప్పల, నల్లగొండ జిల్లా
12 సెప్టెంబరు 2016

అఖిలకు మేనమామ పరమేశ్వర్ ఒంటికంటితో రాస్తున్నది.

అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు, కుడికన్నుది. పుట్టినప్పటి నుంచి దానికి ఎడమకన్ను తోడుండేది. ఒంటరిగా పని చేయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది.

ఫోనుండగా ఉత్తరమెందుకు మామా అని నవ్వకు. మగ్గం చప్పుడు తిని తిని నా చెవులు మొద్దుబారాయి. ఫోనులో అవతలివాళ్లు ఏమన్నా నేను "ఆఁ, మంచిది" అంటాను. అట్లా అన్నందుకే పోయిన ఏడాది నన్ను మా చేనేత సంఘానికి అధ్యక్షుణ్ణి చేసి కూర్చోబెట్టారు. మీ అత్తమ్మ సావిత్రమ్మకు ఫోనిస్తే నీవు చెప్పింది సగం, తాను అనుకున్నది సగం కలిపి నాకు వడ్డిస్తుంది. కాగితమైతే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేరు. నీవెట్లాగూ షాద్‌నగర్ నుంచి పట్నం దాకా రోజూ బస్సులో కూర్చుంటావు. చదువుకో, బదులు రాసుకో.

మొన్న మీ పెద్ద కంటి దవాఖానలో నా కన్ను గీకి, గీకినదాన్ని గాజుపలక మీద పూశారు. తర్వాత నీవు ముఖానికి గుడ్డ కట్టుకొని వచ్చి చాలాసేపు చెప్పావు. నాకు అర్థమైంది ఒకటే: కంట్లో బూజు పెరుగుతోంది. మిగిలినదంతా ఆ గుడ్డలోనే ఉండిపోయింది. బూజు అనేసరికి మీ అత్తమ్మకు రోషమొచ్చింది. "నా మామిడికాయ తొక్కు జాడీల ఏనాడన్న బూజు పట్టిందా? నా మొగని కంట్ల పడుతదా? వాళ్ల సీసాలల్ల ఉండుంటది, కడుక్కోమను" అంది. బస్సులో ఇబ్రహీంపట్నం దాకా ఆ జాడీ గొప్పతనమే విన్నాను, వినిపించినంత మేరకు.

కంట్లో ఏం పడిందని నీవు అడిగావు. శ్రావణంలో ఒకనాడు నూలుకు రంగు కాచే పొయ్యి దగ్గర కూర్చుంటే గాలి లేచింది, ఏదో పడింది. ఏమిటో నాకేం తెలుసు? మా ఊళ్లో కంట్లో ఏం పడినా సైదమ్మ దగ్గరికి పోతాం. రెప్ప తిప్పి, నాలుక కొసతో నలక తీసేస్తుంది. వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్న విద్య. తీసినందుకు ఇప్పటికీ ఒకరి దగ్గర చాయ కూడా తాగదు. తీసినదాన్ని మాత్రం ఎవరికీ చూపించదు, తిన్నగా పొయ్యిలో ఊస్తుంది. కంట్లో నుంచి వచ్చినదాన్ని కన్ను చూస్తే అది మళ్లీ దారి వెతుక్కుంటూ వస్తుందని ఆమె శాస్త్రం. నా నలకనూ అట్లాగే తీసింది. హాయిగా ఇంటికొచ్చాను. వారం తిరక్కుండా కన్ను ఎర్రబడింది. మీ అత్తమ్మ పసుపు గుడ్డ కట్టింది, చండూరులో మందుల దుకాణమాయన ఏవో చుక్కలిచ్చాడు, చివరికి నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ తేలింది. ఆ తర్వాతి కథ నీకు తెలుసు.

నాకు నొప్పి ఫికరు లేదు బిడ్డా. చిటికి కట్టేవాడికి, అదే, రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు ముడులు వేసేవాడికి, రెండు కళ్లూ కావాలి. దారం ఎంత దూరంలో ఉందో ఒక కన్ను చెప్పదు. నిన్న ఆసు చట్రం మీది నూలుకు రబ్బరు ముడి వేశాననుకున్నాను. చూస్తే గాలికి వేశాను. ఈ కన్ను పోతే నేను నూలు మోసేవాణ్ణి అవుతాను తప్ప చిటికి కట్టేవాణ్ణి కాను. ఆ మాట మీ అత్తమ్మతో అనలేదు. నీతోనే అంటున్నాను.

గంటగంటకూ చుక్కలు వేయించుకుంటున్న
మీ మామ

*

షాద్‌నగర్, మహబూబ్‌నగర్ జిల్లా
19 సెప్టెంబరు 2016

మామా, దండాలు.

నీ ఉత్తరం బస్సులోనే చదివాను. గుడ్డ లేకుండా మళ్లీ చెబుతాను, జర ఓపిక పట్టు.

కంటి ముందు అద్దం లాంటి పొర ఉంటుంది. నీ కంట్లో బూజు దాని మీద వేళ్లు పెట్టింది. బూజుల్లో వేల జాతులున్నాయి. మన దగ్గర రైతుల కళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు మూడే. వాటికి మందు తెలుసు, నీకు ఇచ్చింది అదే. అయితే నీ కంట్లోది వాటిలో ఏదీ కాదు. గాజు పళ్లెంలో పెంచితే బూడిదరంగు దూదిలా లేచి, నాలుగు రోజులకే మూతకు తగిలింది. అంత తొందరగా పెరిగేది గింజ వేయడం లేదు. కంకి చూస్తే ఇది జొన్న, ఇది సజ్జ అని నీవు చెప్పగలవు. కంకి వేయని పైరును చూసి ఏం చెబుతావు? మా పరిస్థితి అదే.

అందుకని దాని లోపలి రాతను చదివించాం. ప్రతి జీవికీ లోపల ఒక రాత ఉంటుంది. దాన్ని అదివరకు చదివి పెట్టుకున్నవాటితో పోలుస్తాం. దగ్గరగా కలిసింది ఒక్కటే, ఎండిపోతున్న నిమ్మ, బత్తాయి కొమ్మల మీద ఎవరో చూసింది. దగ్గరగా అంటే అచ్చంగా అదే అని కాదు. మా ల్యాబులో పెద్ద, స్వర్ణలత మేడం ఇంకా తల పట్టుకునే కూర్చుంది. ఏ జాతో తేలితేనే ఏ మందుకు చస్తుందో తేలుతుంది. అప్పటిదాకా చీకట్లో రాయి వేస్తున్నట్టే.

నీవు చెప్పాల్సినవి రెండు. ఈ మధ్య బత్తాయి తోటకు పోయావా? సైదమ్మ తీసిన నలక ఏమిటి? ఆమెను ఎట్లాగైనా అడుగు.

ఇంకొకటి. పొయ్యి చుట్టూ, మగ్గం చుట్టూ ఏమేం ఉంటాయో అన్నీ కొంచెం కొంచెం పంపు. గుంటలో మన్ను, గంజి కుండ అడుగు, పొట్టు, పుల్ల, ఏదైనా. వేరువేరు కాగితం పొట్లాల్లో పెట్టండి.

చుక్కలు ఒక్క పూట కూడా మానొద్దు. దసరా కాగానే మళ్లీ చూపించుకోవాలి.

నీ కన్ను తప్ప వేరే ఆలోచన లేని
అఖిల

*

గట్టుప్పల
28 సెప్టెంబరు 2016

అమ్మా అఖిలా,

నీ ఉత్తరం నాకు లేని పేరు తెచ్చిపెట్టింది. నా కన్నుకు శ్రమ ఎందుకని మీ అత్తమ్మ దాన్ని అరుగు మీద కూర్చొని నా చెవికి వినపడేట్టు చదివింది. నా చెవికి వినపడేట్టంటే వీధి చివరి దాకా అన్నమాట. "బత్తాయి తోటకు పోయావా" అనేసరికి ఎదురింటి దశరథ్ లేచి వచ్చాడు. అతనికి కనగల్లు దిక్కు తోట ఉండేది.

"ఏం పరమేశన్నా, నా తోటల నీకేం పనుండె? దవాఖానోళ్లు గూడ అడుగుతుండ్రు?"

"నేనెప్పుడొచ్చినరా నీ తోటకు?"

"అయినా తోటేడున్నది లే" అని కూలబడ్డాడు. "రెండేండ్లు వాన లేదు, బోరు ఎండె. కన్నబిడ్డల లెక్క సాదిన చెట్లు. నేనే నిలబడి పీకిపిచ్చిన."

నన్ను దొంగను చేయడానికి వచ్చినవాడు నా అరుగు మీదే కళ్లు తుడుచుకున్నాడు. మీ అత్తమ్మ చాయ పెట్టింది. తాగి, పోతూపోతూ "ఆ చెట్లున్నప్పుడు వొచ్చి తిన్నా నేనేమనకపోదు" అన్నాడు. తినకుండానే క్షమాపణ దొరికింది నాకు. మా చిన్నప్పుడు బత్తాయి అంటే జ్వరమొచ్చినవాడు తినే పండు. అది తినడం కోసం జ్వరం తెచ్చుకున్నవాళ్లను నేనెరుగుదును, అందులో మీ అమ్మ ఒకతె. ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాను! నీ ప్రశ్నకు జవాబు: పోలేదు. ఈ ఏడాదే కాదు, నిరుడే కాదు, ఏ ఏడూ ఏ బత్తాయి తోటలోనూ నేను కాలు పెట్టలేదు. మీ యంత్రం తప్పు చదివి ఉంటుంది. ఇంకోసారి చదవమను.

సైదమ్మను అడిగాను. పొయ్యి ముందు కూర్చొని, నా ముఖం వైపు కూడా తిరగకుండా "తీసిన నలక జాడ తియ్యొద్దు పరమేశం" అంది. దవాఖానలో అడుగుతున్నారవ్వా, మందు కోసం అని బతిమాలాను. "గా పిల్లకు జెప్పు, నా నోరు నా అవ్వకు మాటిచ్చింది" అంది. మాటిచ్చిన నోటితో వాదించడం నా వల్ల కాలేదు.

పొట్లాలు పంపుతున్నాను. మగ్గం గుంటలో మన్ను, గంజి అడుగు, దూది, జొన్నపొట్టు, రంగు పొయ్యి దగ్గరి కట్టెపేళ్లు, నా తువ్వాలు కొస. అన్నీ మీ అత్తమ్మే కట్టింది. ఆడబిడ్డ ఇంటికి పోయే మూట ఎట్లా పంపాలో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మచ్చ పెరగలేదు, తరగలేదు. మొండిది.

తోట లేని తోటదొంగ
మీ మామ

*

షాద్‌నగర్
7 అక్టోబరు 2016

మామా,

ఒక్క పళ్లెంలో కూడా ఏమీ పెరగలేదు!

నీవు పంపిన ఏ పొట్లంలోనూ ఏ బూజూ లేదు. మేడం నమ్మలేక రెండోసారి వేయించింది. మళ్లీ అంతే, కడిగిన పళ్లెంలా ఉంది. ఇంత శుభ్రమైన ఇల్లు తన సర్వీసులో చూడలేదంది. నాకు మాత్రం ఏమీ అర్థం కావడం లేదు. మన్నులో బూజు లేకపోవడమేమిటి? పొట్టులో లేకపోవడమేమిటి? గాలిలో చెయ్యి ఊపితే దొరికేది మగ్గం గుంటలో దొరకలేదు. నా చేతులే ఏదో తప్పు చేశాయేమోనని నిద్ర పట్టడం లేదు.

దసరా కాగానే తప్పకుండా రా. అత్తమ్మను అడిగానని చెప్పు. బతుకమ్మ బాగా ఆడుతోందా?

అఖిల

*

గట్టుప్పల
13 అక్టోబరు 2016

శుభవార్త రాసిన మేనకోడలికి జమ్మి బంగారం పెట్టి దీవిస్తూ,

ఏమీ పెరగలేదన్న నీ మాట చదివి మీ అత్తమ్మ ఊరంతా తిరిగి వచ్చింది. "పట్నం దవాఖానోళ్లే రాసిండ్రు, ఇంత శుభ్రమైన ఇల్లు లేదని!" ఆ కాగితం ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. తొక్కు జాడీ పరువు నిలబడింది.

నేనూ కూర్చొని ఆలోచించాను. చదువు లేనివాణ్ణే కానీ లెక్క తెలిసినవాణ్ణి. ఇంట్లో బూజు లేదు, పొయ్యి దగ్గర లేదు, గుంటలో లేదు. అంటే నా కంట్లోది దారి తప్పి వచ్చిన ఒంటరిది, చుట్టపక్కాలు లేనిది. పైగా నెల పైనుంచి గంటగంటకూ దాని నెత్తిన మందు పడుతోంది. ఎంత మొండిదైతే మాత్రం ఎన్నాళ్లు బతుకుతుంది? పండుగ నాడు తలస్నానం చేసి చుక్కలు ఆపేశాను. ఆ చుక్కలు వేస్తే కళ్లు మసకలై ముడి పడేది కాదు. ఇప్పుడు కొంచెం సలుపుతోంది. అది మంచి గుర్తట. మానే పుండు ఊరుకోదంటారు కదా.

మీ ఊరి సంగతి విన్నావా? విన్నావా ఏమిటి, నీవే అందులో ఉన్నావు. దసరా నాడు కొత్త జిల్లాలు చేశారు. నీవు పాలమూరు జిల్లాలో పడుకొని రంగారెడ్డి జిల్లాలో లేచావు. పోస్టుమాస్టరును ఏ జిల్లా రాయమంటావయ్యా అంటే "ఏదన్న రాయుండ్రి, అది తోవ తెలుసుకుంటది" అన్నాడు. అందుకని రెండూ రాసి మధ్యలో గీత గీశాను. చేరితే బదులు రాయి, చేరకపోతే చేరలేదని రాయి.

చూపించుకోవడానికి దీపావళి దాటాక తీరికగా వస్తాం. ఇప్పుడు ఆసు మీద నూలుంది.

బాగైన కన్నుతో
మీ మామ

*

షాద్‌నగర్
22 అక్టోబరు 2016

మామా,

నీ ఉత్తరం ఇప్పుడే, ఇన్ని రోజులకు చేరింది. దాని మీద ఎన్ని ముద్రలో. ఫోను చేస్తే అత్తమ్మ "మంచిగున్నడు, నూలు కాడ కూసున్నడు" అని పెట్టేసింది.

పెరగలేదన్నది పొట్లాల్లో. నీ కంట్లో కాదు. నీ కంట్లోది పెరుగుతూనే ఉంది. సలుపు మంచి గుర్తు కాదు.

మా ఆయన అశోక్ కారు తీసుకొని ఈ చీటీతో వస్తున్నాడు. చదివిన వెంటనే అతనితో బండెక్కు. నూలు ఆసు మీదే ఉండనీ. కన్ను నలపకు, నీళ్లు పోయకు, పసుపు గుడ్డ కట్టకు.

నేను గేటు దగ్గరే నిలబడి ఉంటాను.

అఖిల

*

గట్టుప్పల
20 నవంబరు 2016

అఖిలా,

నీవు నా మంచం పక్కనే ఇన్నాళ్లున్నావు, అయినా మాట్లాడుకోలేకపోయాం. నీవు ఏడిస్తే నేను జోకులేశాను, నేను జోకులేస్తే నీవు ఏడ్చావు. ఇప్పుడు ఇంటికొచ్చాను కాబట్టి తీరుబడిగా రాస్తాను.

ముందు మీ ఆయన అశోక్‌కుమార్ వచ్చిన నాటి సంగతి. నీ చీటీ చదివి నూలు వదిలేసి బండెక్కాను. అతను బండి తిప్పి పెట్టాడు. ఇంతలో మీ అత్తమ్మ "మొట్టమొదటిసారి వొచ్చిన అల్లుడు, వట్టి చేతులతోని పోతడా" అని లోపలికి పోయింది. సద్ద రొట్టెలు, తొక్కు, నీకు రవికె గుడ్డ, మూట మీద మూట. ఒక్కొక్కదానికి పసుపు రాస్తోంది. నేను బండిలో కన్ను పట్టుకొని కూర్చున్నాను. అశోక్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఉన్నట్టుండి అడిగాడట, ఈ మాటలు తర్వాత అతను చెబితేనే నాకు తెలిశాయి.

"అత్తమ్మా, గా పొట్లాలు పంపినవు గదా దవాఖానకు. వాటికి గూడ పసుపు పెట్టినవా?"

"పెట్టకుంటె ఎట్ల బిడ్డా? ఆడబిడ్డకు పోయే మూట పసుపు లేక గడప దాటుతదా? మన్నుకు గూడ కలిపిన. మంచి కొమ్ముల పసుపు, దంచింది. అంతకుముందు అన్నిటిని ఎండల ఆరబోసిన, పిల్ల చేతులు ఖరాబైతయని."

అతను గడప మీదే కూలబడ్డాడు. నాకేమీ వినపడలేదు, కూలబడడం మాత్రం కనిపించింది. ఎవరో పోయారనుకున్నాను. దారి పొడుగునా నీతో ఫోనులో "పసుపు, పసుపు" అని అరుస్తూనే ఉన్నాడు. నా చెవికి కూడా ఆ ఒక్క మాటా పడింది. నాకు పచ్చకామెర్లు కూడా వచ్చాయేమోనని భయపడ్డాను. తర్వాత నీవు చెబితే తెలిసింది, పసుపూ ఎండా కలిస్తే బూజు లేవదని. ఆ పచ్చదనం రంగు పొయ్యి మరకనుకున్నారట మీరు. మీ అత్తమ్మకు ఇది ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చెబితే "మరి నేను జెప్పింది నిజమే గద, పసుపు మంచిదే గద, కంటికి ఎందుకు వొద్దంటివి?" అంటుంది. ఆమెకేం జవాబు చెప్పను? నీకు తెలిస్తే రాయి.

నా కన్ను సంగతి. పొర కరిగి చిల్లు పడబోతోందని, ఆ ముక్క కోసి తీసి, చనిపోయిన మరెవరిదో పొర కుట్టారు. ఎవరిదయ్యా అని డాక్టరును అడిగితే చెప్పకూడదన్నాడు. ఆ మహానుభావుడు ఆడో మగో, ఏ ఊరో, ఏం పని చేసేవాడో. నేత తెలియనివాడైతే ఈ కన్ను నూలును చూసి ఏమనుకుంటుందో! కట్టు తీసి రెండు వారాలైంది. ఇప్పటికి వెలుతురు తెలుస్తోంది, మనిషి మసక తెలుస్తోంది. అంతకు మించి లేదు. ఆసు మీది నూలు అట్లాగే ఉంది. మీ అత్తమ్మ దాని మీద చీర కప్పింది.

సైదమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. గోడ పట్టుకొని వచ్చింది. నా మంచం పక్కన కూర్చొని అంది.

"పరమేశం, నీ నలక నేను చూడలే. నీది గాదు, ఎవ్వరిది చూడలే. నా కండ్లకు ముసురు పట్టి ఎన్నేండ్లాయె. నాలుకకు తగిలింది తీసి ఊంచుతుంటి."

"మరి అవ్వకు మాటిచ్చిన అంటివి?"

"గుడ్డిది కంట్ల నలక తీస్తదంటె ఎవరొస్తరు? గందుకే అన్న."

కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను, రాలేదు. ఏమన్నా గుర్తుందా అవ్వా అంటే కాసేపు నోరు చప్పరించి "చేదుగ ఉండె" అంది. అంతే. మీ అత్తమ్మ వేప అంది. వేప మా వాకిట్లో లేదు. పక్కింటివాళ్లు కానుగ అన్నారు. చేదు కానిది ఏముంది లోకంలో? మా వియ్యంకుడి మాట కూడా చేదే. నీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఈ ఉత్తరంతో పొట్లాలు మళ్లీ పంపుతున్నాను. ఈసారి ఉన్నవి ఉన్నట్టే, పసుపు లేదు. మీ అత్తమ్మ చేతులు అడ్డం పెట్టి "వట్టి మూట పంపితె పిల్లకు అరిష్టం" అని కొట్లాడింది. చివరికి నేను కడుతుంటే ఇటు చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. వాటిని చూసినప్పుడు అరిష్టమేమీ అనుకోకు.

ఎవరిదో తెలియని కన్నుతో
మీ మామ

*

షాద్‌నగర్, రంగారెడ్డి జిల్లా
5 డిసెంబరు 2016

మామా,

దొరికింది.

ఈసారి అన్ని పొట్లాల్లోనూ ఏదో ఒకటి లేచింది. మన్నులో మన్ను బూజు, గంజిలో గంజి బూజు. అత్తమ్మతో అనకు. కట్టెపేడు బెరడు మీద మాత్రం అదే బూడిదరంగు దూది. లోపలి రాత చదివించాం. నీ కంట్లో నుంచి తీసినదీ, ఈ కట్టె మీదిదీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె అట్లా లేవడం నేను చూడలేదు.

పొట్లం మీద "రంగు పొయ్యి కట్టె" అని మాత్రమే రాశావు. ఏ చెట్టుదో వెంటనే రాయి. బత్తాయి కొమ్మల మీద చూసినదానికి దగ్గరగా ఉందని మొదటే చెప్పాను కదా, నీవేమో తోటకే పోలేదన్నావు. అక్కడే మా ఆలోచన ఆగిపోయింది.

ఇది ఒక్క నీ గొడవ కాదు. మా దగ్గర పేరు తేలని పళ్లేలు ఇంకా ఉన్నాయి. అచ్చంపేట నుంచి ఒక మేకలకాపరి, హాలియా నుంచి ఒక కూలి తల్లి. వాళ్లవి కూడా గింజ వేయనివే. ఇప్పుడు నీ దానితో పోల్చి చూస్తే ఆమెది కలిసింది, అతనిది కలవలేదు. చెట్ల రోగాలు చూసేవాళ్లకు ఈ జాతి ఎప్పటి నుంచో తెలుసట. మనుషుల కళ్లలోకి రావడమే కొత్త. ఎందుకొస్తోందో, ఇంకెన్ని వస్తున్నాయో మాకు తెలియదు. తెలిసినట్టు నటించను మామా.

తెలిసింది ఒకటుంది. ఇది ఏ మందుకు చస్తుందో పళ్లెంలో వేసి చూశాం. నీకు మొదట ఇచ్చిన మందుకు సగమే లొంగుతుంది, రెండోదానికి లొంగుతుంది. ఆ సీసా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కుట్టిన పొర అంచుల్లో బూజు పోగు ఒక్కటి మిగిలినా కొత్త పొరను కూడా తినేస్తుంది. అప్పుడు ఇంకోసారి కుట్టడానికి వీలుంటుందో లేదో చెప్పలేను. డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దు. నీకు లెక్క తెలుసని నాకు తెలుసు. దయచేసి లెక్క వేయకు.

సైదమ్మ అవ్వను వచ్చే మంగళవారం పట్టుకొని రా. ముసురంటే పొర కావచ్చు. తీయొచ్చు.

అత్తమ్మ ప్రశ్నకు జవాబు మేడంకు కూడా తెలియదట. పళ్లెంలో పనిచేసేది కంట్లో పనిచేయదని మాత్రమే చెప్పింది.

అఖిల

*

గట్టుప్పల
9 ఏప్రిల్ 2017

అఖిలకు,

ఇన్నాళ్లు రాయలేదని కోపగించకు. మందు ఆపేదాకా రాయనని పట్టుబట్టాను. రాస్తే ఏదో లెక్క వేస్తానని నా మీద నాకే అనుమానం. మొన్న డాక్టరు చుక్కలు ఆపమన్నాడు. బూజు తిరిగి రాలేదు. కుట్లు ఇంకా చాన్నాళ్లుంటాయట.

కట్టె సంగతి నీవు ఉత్తరం రాసిన వారమే ఫోనులో అత్తమ్మతో చెప్పించాను. ఆమె నీకు ఎట్లా చెప్పిందో తెలియదు కాబట్టి కాగితం మీద కూడా పెడుతున్నాను. అది బత్తాయి కట్టే. నీవు తోటకు పోయావా అని అడిగావు. పోలేదన్నాను. అది అబద్ధం కాదు. తోటే ట్రాక్టరెక్కి మా ఇంటికి వచ్చింది. ఎండిన తోటలు పీకినప్పుడు మొద్దులన్నీ రంగు పొయ్యిలవాళ్లమే వేయించుకున్నాం. మా ఊరి నరసింహ ట్రాక్టరు మా వీధిలో ఇంటింటికీ దింపింది. పొయ్యి పక్కన దాన్నే పేర్చుకొని, దాని మీదే కూర్చొని రంగు కాచాను. పండు లేకపోతే అది బత్తాయి అని ఎవరికి తోస్తుంది? పొయ్యి దగ్గరికి వచ్చాక అన్నీ కట్టెలే.

సంఘం మీటింగులో లేచి చెప్పాను. కట్టె చీల్చేటప్పుడు, పేళ్లు దులిపేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోండి, కంట్లో ఏమన్నా పడితే దవాఖానకు పోండి అన్నాను. "అధ్యక్షుడు రంగు కాస్తుండా, మోటారుసైకిల్ మీద పోతుండా?" అని నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు మర్నాడు చండూరులో అద్దాలు కొనుక్కుంటుంటే చూశాను. వాళ్లు నన్ను చూడనట్టు నటించారు, నేను కూడా మసకగా ఉన్నట్టు నటించాను.

సైదమ్మకు పొర తీశాక ఆమె చేసిన మొదటి పని విను. కమ్మరి వీధి నుంచి ఒకడు కంట్లో పడిందని వచ్చాడు. అలవాటు కొద్దీ తీసింది. చేతిలోకి ఊసి, వెలుతురులో చూసింది. చూసి "థూ! ఇన్నొద్దులు గివ్వా నేను నోట్ల పెట్టుకున్నది!" అని నీళ్లతో పుక్కిలిస్తూ కూర్చుంది. ఆనాటి నుంచి వచ్చినవాణ్ణి వచ్చినట్టే బస్టాండుకు తరుముతోంది. మీ దవాఖానకు మా ఊరి నుంచి మనుషులు పెరిగితే కారణం నా ఉపన్యాసం కాదు.

పెద్ద పేరేదో నాకు రాసి పంపావు కదా, ఆ బూజుది. కాగితం గోడకు అంటించి ప్రయత్నిస్తున్నాను. నా కంట్లో పెరిగినదాని పేరు నా నోటికి తిరగడం లేదు. ఇంకా మీ డబ్బాలో చల్లగా బతికే ఉందని రాశావు. ఎందుకు బతకనిచ్చారో నాకు సరిగ్గా అర్థం కాలేదు. రేపు ఇంకొకరి కంట్లో అట్లాంటిది లేస్తే పోల్చుకోవడానికి అని రాశావు. మంచిదే. హాలియా తల్లి కన్ను ఎట్లా ఉందో రాయి.

ఇక అసలు సంగతి. నిన్న మీ అత్తమ్మ నూలు మీది చీర తీసింది.

కొత్త పొర ఉన్న కన్నుతో చూస్తే నూలు మీద ముడి వేయాల్సిన గుర్తు గీత కనిపిస్తోంది. కానీ నీళ్లలో కదిలినట్టు వంకరగా ఉంది. కుడికన్నుతో చూస్తే తిన్నగా ఉంది. రెండు కళ్లతో చూస్తే ఒక్క దారం రెండు దారాలవుతోంది, ఒకటి నిజం, ఒకటి పక్కన. ఎడమకన్ను మూసుకుంటే తగువే ఉండదని డాక్టరు అన్నాడు. ఒక్క కన్నైతే దూరం తెలియదు, అది మళ్లీ గాలికి ముడి వేయడమే. పైగా ఇంతమంది పాటుపడి, ఎవరో మహానుభావుడు పోతూపోతూ ఇచ్చిపోయినదాన్ని మూసుకోబుద్ధి కావడం లేదు.

"ఏది కట్టాలె?" అన్నాను.

"ఎన్ని కనవడుతున్నయి?" అంది మీ అత్తమ్మ.

"రెండు."

"ఉన్నది ఒక్కటే."

"గది నాకు గూడ ఎరుకే. అది ఏదని?"

ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. నూలు మీద వేలు పెట్టింది. నాకు వేళ్లు కూడా రెండే కనిపించాయి. కానీ పని చేసిన వేలు ఏదో చెయ్యికి తెలుస్తుంది కదా. తడిమి చూసి, దాని పక్కన ముడి వేశాను. గట్టిగా పడింది. ఆమె వేలు జరిపింది. నేను ఇంకో ముడి వేశాను. పొద్దు తిరిగేదాకా ఆమె వేలు జరుపుతూనే ఉంది, నేను కడుతూనే ఉన్నాను. పొయ్యి మీద కూర మాడింది, ఇద్దరమూ లేవలేదు.

మీ అత్తమ్మ పిలుస్తోంది, వేలు పెట్టి కూర్చుందట. పోతున్నాను.

మామ